ఇప్పచెట్టు కింద ఆకు

నా చిన్నప్పుడు మాచ్‌ఖండ్ కొండల్లో ఉండేవాళ్ళం. పువ్వు ఏరుకోమని ఊరి పెద్దలు ఇంటికొక ఇప్పచెట్టు ఒదిలేరు. మా తాతయ్య చెట్టూ, పక్కింటి అక్కావాళ్ళ చెట్టూ పక్కపక్కనే. తెల్లారేసరికి పువ్వు రాలి ఉండేది. ఏరి ఎండబెట్టుకునేవాళ్ళం. వానల్లో అక్కావాళ్ళింట పొయ్యి వెలిగేది ఆ పువ్వు అమ్మిన డబ్బుతోనే.

ఆ అక్కంటే నాకు కుళ్ళు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అంతే. తన గంప నిండిపోయేది, నాది సగంలో ఆగేది. తన పువ్వులో చెత్త ఉండేది కాదు. "ఆ పిల్ల సెయ్యి సూడు, నీ సెయ్యి సూసుకో అమ్మీ" అనేవాడు మా తాతయ్య, అక్క ముందరే. నాకు అన్నం సయించేది కాదు.

చెట్టు కింద రాలిన ఎండుటాకు కాల్చేస్తే నల్లటి నేల మీద పువ్వు తెల్లగా కనబడుతుంది. మర్నాడు అక్కకంటే ముందే గంప నింపాలని, ఒక మధ్యాహ్నం ఒక్కర్తినీ వెళ్ళి మా చెట్టు కింద అగ్గిపుల్ల గీసేను. గాలి లేచింది. మంట అక్క చెట్టు వైపు పాకింది. పరిగెత్తి పిలవాల్సినదాన్ని, ఒక్క నిమిషం నిలబడి చూసేను. ఆ నిమిషం సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పొగ చూసి అక్కే వచ్చింది. పచ్చి కొమ్మ విరిచి బాదుతూ, నా చేతిలోనూ ఒకటి పెట్టింది. మంట పైకి పోకుండా ఆపేం గానీ, తన చెట్టు కింది కొమ్మల మొగ్గంతా కమిలిపోయింది.

తాతయ్య నన్ను కొట్టలేదు. "ఈ యేడు మా సెట్టు పువ్వు నీదే" అని అక్కకి చెప్పేడు. నన్ను రోజూ అక్కతో వెళ్ళి చెట్ల కింద ఊడవమన్నాడు. మా పువ్వు వాళ్ళింటికి పోతుంటే నా కడుపు మరీ మండింది.

"సుట్టూ ఊడవకుండా ముట్టిస్తారేటే ఎవులైనా? పువ్వు యెక్కడికీ పారిపోదే" అని నవ్వింది అక్క. అప్పుడు నేర్పింది. మంట దాటిపోకుండా చెట్టు చుట్టూ రెండు బారలు నేల కనబడేలా ఊడవాలి. ఆకు కింద అరచెయ్యి పెట్టి చూడాలి. చెమ్మ తగిలితేనే, అదీ తెల్లారగట్ల, పువ్వు ఏరేసేక కాల్చాలి. తాతయ్యకి తెలియని పని కాదు. కావాలనే నాకు అక్క చేత చెప్పించేడు.

ఇప్పుడు రాయగడలో ఉంటున్నా, ఏటా పువ్వు వేళకి మనవలతో ఆ కొండకి వెళ్తాను. శివరాత్రి దాటకముందే ఎండ ముదిరిపోతోంది. మంచు మునుపటిలా పడటం లేదు. ఏ తెల్లారి చెయ్యి పెట్టినా ఆకు గలగలమంటోంది. కాల్చదగ్గ రోజే రావటం లేదు. అందుకే మావాళ్ళని అగ్గిపెట్టె ముట్టుకోనివ్వను. పాత చీరలు కలిపి కుట్టి చెట్టు కింద పరిపిస్తాను. పువ్వు శుభ్రంగా దక్కుతుంది, చీరా దండగవదు.

కుళ్ళు మాత్రం పోలేదు. ఎవరి కోడల్నో ఎవరో మెచ్చుకుంటే ఈ వయసులోనూ కడుపులో రాజుకుంటుంది. దాన్ని ఆర్పటం నాకు చేతకాలేదు. చుట్టూ ఊడ్చుకుంటూ బతికేను.