విశ్వాసమ్మ చాడీలు

విశ్వాసమ్మకు ఒకటే జబ్బు. తన దగ్గరున్న ముసలివాళ్ళ మీద చాడీలు చెప్పేది. పాస్టరుగారికి చెప్పేది, పాలు పోసే గిడ్డమ్మకు చెప్పేది, పక్కన బడిలో పాఠం చెబుతున్న నాకు కిటికీలోంచి చెప్పేది. దేవుణ్ణి కూడా వదిలేది కాదు. ఆమె ప్రార్థన నేను చెవులారా విన్నాను. "ప్రభువా, ఏసేపు తాత గురక నీకు ఇనపడతాందో లేదో. నాకైతే నిద్ర లేదు."

కోసిగి దగ్గర మా చర్చి వెనక రెండు గదుల మట్టిమిద్దెలో ఐదారుగురు ముసలివాళ్ళను ఆమె సాకేది. అవి కాలువలు తవ్వుతున్న రోజులు. వానలు మొహం చాటేస్తే జనం పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే దూరం ఊళ్ళకు కూలికి, పోయేవాళ్ళు. ముసలివాళ్ళను ఇంటికి కాపలాగా వదిలిపోవడం వాడుక. కాపలా కూడా కాయలేనివాళ్ళను తలదించుకుని తెచ్చి విశ్వాసమ్మకు అప్పజెప్పేవాళ్ళు. ఆ మిద్దె గురించి ఊళ్ళలో చెప్పుకునేవి అలాంటివి మరి. అక్కడ గంజి తప్ప ఏమీ పెట్టరని కొందరు, ముసలమ్మలందరికీ మరియమ్మ అని పేరు మార్చేస్తారని కొందరు.

ఒకసారి పుల్లన్న వాళ్ళ నాయన్ను చూడటానికి ఏడుపు మొహంతో వచ్చాడు. విశ్వాసమ్మ గడపలోనే అందుకుంది.

"మీ నాయన్ను పట్టుకపో సామీ. పాస్టరయ్య ప్రసంగం చేస్తాంటే నడుమ లేసి, ఇంగ చాలు కూచోమన్నాడు."

"మా నాయనేనా?"

"మీ నాయనే. ఆయప్ప నోరు కట్టేసేది నావల్ల కాదు."

పుల్లన్న నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ ప్రసంగం నేనూ విన్నాను. పుల్లన్న నాయన మొదటి వాక్యానికే నిద్రపోయాడు. ఈమె ఇన్ని అబద్ధాలు ఎందుకాడుతుందా అని నాకు ఒళ్ళు మండేది.

ఆ ఎండాకాలం చిన్న ఈరన్న అనే అతను తన తల్లి మద్దమ్మను తెచ్చి వదిలిపోయాడు. చూపు మందగించి పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నప్పటి నుంచి కోడలు ఆమెను వంటింట్లోకి రానిచ్చేది కాదు. కోడలి భయం కోడలిది. మద్దమ్మ మాత్రం అప్పుడే మాట మానేసింది. ఇక్కడికొచ్చాక కూడా గోడవైపు తిరిగి కూర్చునేది. పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే లేదు.

కొన్నాళ్ళకు ఈరన్న బండి కట్టుకుని వచ్చాడు. "తల్లిని పారేసినానని ఊరంతా అంటాండారు. మాతోపాటు కాలువ పనికి పిల్చకపోతా" అన్నాడు.

కాలువ గట్టున గుడారాల్లో, ఆ ఎండలో, చూపులేని మనిషి బతికి బట్టకట్టడం కల్ల. విశ్వాసమ్మ మాత్రం నడుముకు చేతులు పెట్టుకుంది.

"పిల్చకపో, పీడ పోతాది. నా రొట్టె మందమంటాది. పిండి పిసికేది నాకు రాదంటాది. నా వంటింట్లో నాకే నిలువనీడ లేకుండా చేస్తాండాది మీ యమ్మ."

ఈరన్న నోరు తెరిచాడు. "మా యమ్మ మాట్లాడతాందా?"

"మాట్లాడేదా? అరుస్తాది."

ఈరన్న గడప మీద కూలబడ్డాడు. ముందు నవ్వాడు, తర్వాత కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మా యమ్మంతేనమ్మా. ముందట మా ఇంట్లో శానా పెత్తనం చేస్తాండె. ఇంటికాడ ఆ నోరు ఇనక ఏడాదాయె." కాసేపటికి లేచి ఎద్దులకు నీళ్ళు పెట్టాడు. "ఈడే ఉండనీ. కొంచెం ఓర్చుకోమ్మా" అని బతిమాలాడు.

మద్దమ్మ లోపలినుంచి అంతా వింటూనే ఉంది. కొడుకు వచ్చి కాళ్ళు పట్టుకున్నా పలకలేదు. పోయిరమ్మన్నట్టు తలమీద చెయ్యి పెట్టింది, అంతే. బండి మలుపు తిరిగాక ఇక ఆగలేక విశ్వాసమ్మను నిలదీశాను.

"ఎందుకమ్మా ఆ అబద్ధాలు?"

"ఈమె మంచిది, మూలన పడుంటాది అని చెప్తే ఆ కొడుకు ఏమనుకుంటాడు టీచరమ్మా? సచ్చినోళ్ళ గురించే అట్ల చెప్తారు."

ఇన్నాళ్ళూ ఆమెను అపార్థం చేసుకున్నందుకు సిగ్గేసింది.

అంతలో వంటింట్లో గిన్నె కదిలింది. ఇద్దరం పరుగెత్తాం. మద్దమ్మ పొయ్యికి దూరంగా బాసింపట్టు వేసుకుని, జొన్నపిండి ముద్దను వేళ్ళతో తడుముతోంది.

"ఎవురు కలిపినారు దీన్ని?" అంది, బొంగురుపోయిన గొంతుతో. "ఇట్ల కలిపితే రొట్టె ఇరగదా? ఉడుకునీళ్ళు తే. నేను తడతా, నువ్వు పెనం మీద కాల్చు."

విశ్వాసమ్మ నీళ్ళు తెచ్చి పెట్టింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని నావైపు తిరిగింది.

"చూస్తాండావా టీచరమ్మా? ఈమెతో నేను పడలేను."