కోడ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది

నేను కెనడాలోని కనాటాలో ఒక చిన్న కంపెనీలో మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. ఏం పని అని ఎవరైనా అడిగితే, మనిషి ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి ఎలా వెళ్లాలో రాస్తానని చెబుతాను. అడిగినవాళ్లు అక్కడితో ఆపేస్తారు. నిజానికి నా పని అంతే. యాప్ అడుగున నాలుగు బొమ్మలు వరసగా ఉంటాయి, వాటిని ట్యాబ్‌లు అంటాం. ఒకటి నొక్కితే ఒక గది, మరొకటి నొక్కితే మరో గది. వీధి తలుపు లాగిన్. లోపలికొచ్చిన మనిషి వెనక్కి నొక్కితే ఎక్కడికి పోవాలో, చాలాసేపు కదలకుండా ఉంటే ఎప్పుడు బయటికి పంపేయాలో నేను నిర్ణయిస్తాను. ఇంట్లో నాకు ఇంత అధికారం లేదని అనుకునేవాణ్ణి. ఉందని తర్వాత తెలిసింది.

మా కంపెనీ ఒకే యాప్‌ను రంగులు మార్చి చిన్న వ్యాపారాలకు అమ్ముతుంది. జుట్టు కత్తిరించే సెలూన్‌కు ఒక రంగు, కుక్కలకు స్నానం చేయించే దుకాణానికి ఒక రంగు, డ్రైవింగ్ స్కూల్‌కు ఒక రంగు. రంగు తీసేస్తే అన్నీ ఒకటే. ఒకదానిలో తప్పుంటే అన్నిట్లోనూ ఉంటుంది.

మా యాప్‌లలో తప్పులు వెతికే టెస్టర్ గుంటూరు అమ్మాయి. నన్ను అన్నా అని పిలుస్తూనే నా తప్పులు పట్టుకుంటుంది. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, లాగిన్ గడువు అయిపోతే మళ్లీ అడుగుతోంది, బానే ఉంది. అయ్యాక ఎక్కడున్నవాణ్ణి అక్కడ దింపాలి కదా? నువ్వేమో తీసుకెళ్లి మొదటి స్క్రీన్‌లో, హోమ్‌లో పడేస్తున్నావ్."

"మళ్లీ వెళ్తాడులేమ్మా. మూడు ట్యాప్‌లే కదా."

"చెకింగ్ వాడు వచ్చి టికెట్ అడిగి, చూసి, సరే ఇప్పుడు బస్టాండ్‌కి పోయి మళ్లీ ఎక్కు అంటే ఊరుకుంటావా?"

"నేను బస్సెక్కను," అన్నాను.

తను దాన్ని తప్పుల జాబితాలో రాసింది. నేను దాన్ని అన్నిటికంటే కిందికి జరిపాను. అక్కడ పెట్టినవాటిని ఎవరూ చూడరు. అందుకే అక్కడ పెడతాం.

ఇక మా ఇంటి సంగతి. మేం కెనడా వచ్చిన కొత్తలో ఇంటికంతా ఒకే ఫోన్ నంబరు, అది నాది. ఫ్యామిలీ డాక్టర్, కరెంటు బిల్లు, లైబ్రరీ, పాప స్కూలు, ఈత క్లాసు, అన్నీ దానిమీదే తెరిచాను. తర్వాత నా భార్యకూ ఫోన్ వచ్చింది, నంబరు వచ్చింది. అయినా కొత్తగా ఏది తెరిచినా నా వేలు నా నంబరే నొక్కేది. ఆమె లోపలికి వెళ్లాలంటే నా ఫోన్‌కి కోడ్ రావాలి, నేను చదివి చెప్పాలి. మావాళ్ల ఇళ్లలో ఇదేం వింత కాదు. శనివారం ఎవరింట్లోనైనా భోజనాలకు కలుస్తాం. ఉన్నట్టుండి వంటింట్లోంచి "ఏమండీ, కోడ్!" అని కేక వినబడుతుంది. ముందుగదిలో ముగ్గురు మగవాళ్లు ఒకేసారి జేబులు తడుముకుంటారు.

దాన్ని నేను బాధ్యత అనుకునేవాణ్ణి. నేను లేకపోతే ఇల్లు నడవదు అనుకోవడంలో ఒక సుఖముంది. ఆ సుఖాన్ని చాలాకాలం అనుభవించాను.

నా భార్యది వరంగల్. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. ఇక్కడికొచ్చాక ఆ చదువుకు తగ్గ పని ఏదీ దొరకలేదు. చాలా అప్లికేషన్ల తర్వాత ఆర్న్‌ప్రయర్ అనే చిన్న ఊళ్లో ఒక నీళ్ల పరీక్షల ల్యాబ్ ఆమెను తీసుకుంటామంది. ఒకే ఒక షరతు పెట్టారు. పల్లెల్లో బావుల దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టుకురావాలి కాబట్టి నెలాఖరుకల్లా సొంతంగా కారు నడిపే లైసెన్స్ ఉండాలి. ఆమె దగ్గరున్నది పక్కన ఒకరు కూర్చుంటేనే నడపనిచ్చే లైసెన్స్. రోడ్ టెస్ట్ పాసవ్వాలి. ఆ ల్యాబ్‌కి మా ఇంటినుంచి బస్సు కూడా లేదు.

మొదట నేనే నేర్పించాను. పక్క సీట్లో కూర్చుని, బ్రేకు లేని చోట బ్రేకు తొక్కుతూ, ప్రతి మలుపుకూ ఊపిరి బిగబట్టాను. ఆమె కారాపి, "మీరు దిగితే నేను మంచిగ నడుపుత," అంది. అందుకని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాను. మా కంపెనీ యాప్ వాడే స్కూల్లోనే చేర్పించాను, గర్వంగా. నా పేరు, నా ఈమెయిల్, నా నంబరు ఇచ్చి నేనే ఖాతా తెరిచి ఆమె ఫోన్‌లో పెట్టిచ్చాను.

ఆ స్కూల్ ద్వారా దొరికే టెస్టు స్లాట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ ఖాళీ యాప్‌లో కనిపిస్తుంది. ముందెవరు నొక్కితే వాళ్లది. నా భార్య వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఆ స్క్రీన్‌నే తెరిచి పెట్టుకునేది.

ఆ రోజు ఆఫీసులో నేను ఒక పళ్ల క్లినిక్ వాళ్లకు మా యాప్ చూపిస్తున్నాను. లాగిన్ ఎంత సులభమో వివరించే భాగంలో ఉన్నాను. బల్లమీద నా ఫోన్ వెలిగింది, ఏదో కోడ్ వచ్చింది. వెంటనే నా భార్య ఫోటో కనబడింది. ఫోన్ బోర్లా తిప్పాను. కాసేపటికి మళ్లీ మోగింది, బల్ల అదిరింది. క్లినిక్ ఆవిడ ఇంగ్లీషులో, "ముఖ్యమైన కాలా?" అని అడిగింది. "కాదు కాదు," అంటూ కట్ చేశాను. మూడోసారి మోగినప్పుడు క్షమించమని చెప్పి వరండాలోకి వచ్చాను.

నా భార్యకు కంగారు పుడితే మాటలో వరంగల్ మొత్తం తిరిగొస్తుంది.

"ఫోన్ ఎత్తరేంది? స్లాట్ వచ్చింది, మంగళారం! నొక్కంగనే మళ్ల లాగిన్ అడిగింది. కోడ్ చెప్పుండ్రి జల్ది!"

చదివాను.

"పడ్తలే. టైం అయిపోయిందంట."

"మళ్లీ పంపించు అని ఉంటుంది, నొక్కు."

"నొక్కిన. వచ్చిందా?"

వచ్చింది. చదివాను.

"ఆఁ, లోపలికి పోయిన. ఇదేంది? హలో అని మీ పేరు రాసింది. స్లాట్ ఏది?"

"అది హోమ్. కింద వరసలో మూడోది నొక్కు."

"నొక్కిన."

"టెస్టులు అని ఉంటుంది."

"ఉంది."

"ఇప్పుడు మన సెంటర్ నొక్కు."

మూడు ట్యాప్‌లు. అద్దం గోడ అవతల క్లినిక్ వాళ్లు కాఫీ తాగుతున్నారు.

"ఏముంది?" అన్నాను.

"ఏం లేదు. ఖాళీగున్నది."

ఆ స్క్రీన్ నాకు తెలుసు. తెల్లటి తెరమీద మధ్యలో, ప్రస్తుతం స్లాట్లు లేవు అని బూడిదరంగు అక్షరాలు ఉంటాయి. ఆ బూడిదరంగు నేనే ఎంచాను. చూసేవాళ్లకు బాధ కలగకుండా ఉంటుందని.

సాయంత్రం ఇంటికెళ్లి, ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయిందని చెప్పాను. ఆమె తలూపింది. మా పాప సోఫాలోంచి తలెత్తి అడిగింది.

"హూ మేడ్ దిస్ యాప్, డాడ్?"

"మా కంపెనీ."

"లైక్, యూ? నువ్వేనా?"

"అవును."

అది వాళ్ల అమ్మవైపు తిరిగి, "సారీ, అమ్మా," అంది. ఆ రోజు ఇంట్లో సారీ చెప్పింది అదొక్కతే.

మరునాడు ఆఫీసుకెళ్లగానే జాబితా అడుగునుంచి ఆ తప్పును పైకి తీశాను. మా టెస్టర్ అది చూసి, "ఏంటన్నా, బస్సెక్కావా?" అంది. మధ్యాహ్నానికి సరిచేశాను. అన్నాళ్లు పక్కనపెట్టింది ఒక పూట పని. నా తప్పు ఎక్కడుందో కనిపెట్టాను, దిద్దుకున్నాను అన్న తృప్తితో ఇంటికి వెళ్లాను. కొత్త యాప్ ఆమె ఫోన్‌లోకి ఎక్కించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కావాలని లాగౌట్ చేసి, మళ్లీ లాగిన్ చేసి, తెర ఆమెవైపు తిప్పాను. నేరుగా టెస్టుల స్క్రీన్ తెరుచుకుంది.

"చూడు, ఎక్కడున్నావో అక్కడికే వచ్చావు. హోమ్‌కి పోలేదు."

ఆమె చూసింది.

"మంచిగున్నది. కోడ్ ఎవరి ఫోన్‌కొచ్చింది?"

నా రెండో చేతిలో నా ఫోన్ ఇంకా వెలుగుతోంది.

నంబరు మార్చేస్తానన్నాను. నాలుగో ట్యాబ్ ప్రొఫైల్. అందులో నా నంబరు కనబడుతుంది కానీ మార్చడానికి వీల్లేదు. ఆ సౌకర్యం రెండో విడతలో ఇద్దామని అప్పట్లో అనుకున్నాం. మొదటి విడతలో మనుషుల నంబర్లు మారవని మీటింగ్‌లో చెప్పింది నేనే. కొత్త ఖాతా తెరవడమే మార్గం. తెరిస్తే ఆమె నేర్చుకున్న క్లాసుల వివరాలు, డ్రైవింగ్ నేర్పే ఆవిడ రాసిన మాటలు, అన్నీ నా పేరుమీదే ఉండిపోతాయి. అది కూడా చెప్పాను.

"ఉండనీయండి. నడిపేది నేను గదా."

తన నంబరు, తన ఈమెయిల్, తన పేరు తనే కొట్టుకుంది. నేను వెనక నిలబడి ఏది నొక్కాలో చెబుతున్నాను.

"మీరు పోయి కూసోండి," అంది.

నెలాఖరు వచ్చింది. ఆలోగా ఇంకో స్లాట్ రాలేదు. ల్యాబ్ నుంచి మర్యాదగా ఒక ఈమెయిల్ వచ్చింది. ఇంకొకర్ని తీసుకున్నారు, ఈమె వివరాలు మాత్రం దగ్గర ఉంచుకుంటారు. ఆమె దాన్ని ఏ మార్పూ లేని గొంతుతో నాకు చదివి వినిపించి, లేచి బియ్యం కడగడానికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను.

"సారీ. ఆ యాప్ అట్లా..."

"యాప్‌ది కాదు," అంది. నీళ్లు వంపేసి, మళ్లీ పట్టుకుంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. యాప్ మీదికి నెడుతూ మూడు వాక్యాలు మాట్లాడే మనిషికి, ఫోన్ కట్ చేసింది నేనే అని ఒక్క మాట ఎందుకు రాదో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత డ్రైవింగ్ స్కూల్ నుంచి నా ఫోన్‌కి ఏమీ రాలేదు. అదే కావాలనుకున్నాను కానీ, జరిగాక బాగాలేదు. అప్పుడప్పుడు, "స్లాట్ వచ్చిందా?" అని అడిగేవాణ్ణి. "చూస్తున్న," అనేది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తింటూ మళ్లీ అడిగాను.

"టెస్టు ఎప్పుడో ఏమైనా తెలిసిందా?"

"అయిపోయింది."

"ఎప్పుడు?"

"పొద్దున. పాసైన."

పాప చప్పట్లు కొట్టింది. దానికి ముందే తెలుసు. డ్రైవింగ్ స్కూల్ ఆవిడే కారులో వచ్చి తీసుకెళ్లిందట.

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు మీటింగ్‌ల ఉంటరు గదా," అంది పప్పు వడ్డిస్తూ.

ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా అనుకుందేమో. ఆ పొద్దున నాకు మీటింగ్ లేదు.

మంచు కరిగే రోజుల్లో ఆ ల్యాబ్ నుంచే మళ్లీ పిలుపు వచ్చింది, నేరుగా ఆమె ఫోన్‌కి. అక్కడ ఒకావిడ ప్రసవం సెలవు మీద వెళ్తోంది, ఏడాదికి ఒకరు కావాలి. మొదటిది పర్మనెంట్ ఉద్యోగం. ఇది కాదు. ఆ తేడాకు కారణం ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ఒప్పుకుంది. కారు ఆమెతో వెళ్తుంది. నేను బస్సెక్కుతున్నాను. మా టెస్టర్‌కు ఇది చాలా నచ్చింది. చెకింగ్ వాడు వచ్చాడా అన్నా అని అడుగుతుంది. ఇంతవరకు రాలేదు.

ఆమె ఉద్యోగంలో చేరడానికి ముందు ఆదివారం, భోజనాలయ్యాక నేనే అడిగాను. డాక్టర్, లైబ్రరీ, పాప స్కూలు, ఈత, అన్నిట్లోనూ నీ నంబరు పెడదామా అని. ఆమె ఫోన్ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఎవరు తయారుచేశారో కానీ, నంబరు మార్చే వీలు వాటన్నిట్లోనూ ఉంది. అయితే మార్చేది నిజంగా ఆ మనిషేనని నిర్ధారించుకోవడానికి ప్రతిదీ పాత నంబరుకు ఒక కోడ్ పంపుతుంది. నా ఫోన్ వెలుగుతోంది. నేను అంకెలు చదువుతున్నాను, ఆమె కొట్టుకుంటోంది. అలవాటైన పనే కాబట్టి చకచకా సాగింది.

పాప స్కూలు వంతు వచ్చేసరికి కోడ్ రావడం ఆలస్యమైంది. ఇద్దరం నా ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఆ రోజు ఫోన్ సైలెంట్‌లో లేదు," అన్నాను.

"ఎరుక. రెండోసారి మధ్యల కట్ చేసిన్రు గదా. సైలెంట్‌ల ఉన్న ఫోన్ దానంతటదే కట్ చేసుకుంటదా?"

"మరి అడగలేదేం?"

"చెప్తరేమో చూసిన."

ఫోన్ వెలిగింది. తీసుకుని చదవబోయాను. మొదటి రెండు అంకెలే తారుమారు చేశాను. ఆమె బల్లమీదుగా చెయ్యి చాపింది.

"ఇటియ్యండి. నేను చూసుకుంట."

ఇచ్చాను.