మూడోసారి కాదన్న ప్రోగ్రాం

2023 జూలై ఆఖరు, అరవవాళ్ల ఆడి నెల. తమిళనాడు రాజపాళయంలో ఒక కల్యాణమండపంలో కంప్యూటర్ చెస్ పోటీ. బయట హోరుగాలి, లోపల పన్నెండు లాప్‌టాప్‌లు. నేను ఆర్బిటర్‌ని, అంటే ఆటలో తగవు తీర్చేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా అదే పని. నా మాటకు ఎదురు చెప్పినవాళ్లు తక్కువ. అది కొంచెం తలకెక్కిందని కూడా ఒప్పుకోవాలి.

ఈ పోటీలో ఆడేది ప్రోగ్రాం. పక్కన కూర్చునే మనిషి ఆపరేటర్. తెర మీద వచ్చిన ఎత్తును బోర్డు మీద వేయాలి, అవతలివాళ్ల ఎత్తును కీబోర్డులో కొట్టాలి, అంతే. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. ఎవరూ అడక్కపోతే ఆట సాగిపోతుంది. అలా అడగడమే డ్రా క్లెయిమ్. అంతకు ముందు ఏడాది ప్రోగ్రాంలు అయినదానికీ కానిదానికీ క్లెయిమ్ చేసి నా ప్రాణం తీశాయి. విసుగెత్తి నేనే ఒక రూలు పెట్టాను: క్లెయిమ్ తప్పయితే ఆట పోయినట్టే. ప్రోగ్రామే అడగాలా, ఆపరేటర్ అడగొచ్చా అన్నది మాత్రం రాయలేదు.

ఆఖరి రౌండులో సత్రపట్టి నుంచి వచ్చిన కె. సుభద్ర కూర్చుంది. బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో సూపర్‌వైజర్. పని దిగాక రోజూ కూర్చుని, మూడేళ్లు ఒంటరిగా కష్టపడి ప్రోగ్రాం రాసుకుంది. చెన్నై పోటీకి ఇక్కడి నుంచి ఒక్కరికే చోటు. ఈ ఆట డ్రా అయితే చాలు, ఆ చోటు ఆమెదే. ఎదురుగా మదురై లెక్చరర్ ఒకాయన. తెల్లపావులు ఆయన ప్రోగ్రామువి, పైగా ఒక ఏనుగు ఎక్కువ. సుభద్ర ప్రోగ్రాముకు మిగిలిన దారి మంత్రితో చెక్ మీద చెక్ చెప్పడమే. తెల్లరాజు పక్కగడికి తప్పుకుంటాడు, ఇంకో చెక్ పడగానే వెనక్కి వస్తాడు. అతనికీ వేరే దారి లేదు.

నేను వెనక నిలబడి వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. ఇప్పుడీ చెక్ పడితే అదే స్థితి మూడోసారి. తెర మీద ఎత్తు వచ్చింది, క్లెయిమ్ రాలేదు! అయ్యో, ప్రోగ్రాంలో తప్పుందే, లెక్క తెలియక అది చెక్‌లు ఆపేస్తే ఓటమే, ఈ అమ్మాయి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందే అని నా మనసు ఆగలేదు. ఆర్బిటర్ నోరు మెదపకూడదు. నేను మెదిపాను.

"ఏమ్మా, మూడోసారి వస్తా ఉంది గదా. క్లెయిమ్ చెయ్యి."

"అది చెప్పలేదు సార్," అంది తలెత్తకుండా.

"అది చెప్పకుంటే ఏమి? నేను చెప్తా ఉండాను గదా!"

"ఆడేది మీరు కాదు సార్. నేనూ కాదు."

ఆమె మంత్రిని జరిపి చెక్ చెప్పింది. ఇంత మొండితనమా అని నాకు ఒళ్లు మండింది. తెల్లరాజు పక్కగడికి తప్పుకున్నాడు. వెంటనే సుభద్ర తెర మీద అక్షరాలు మెరిశాయి: డ్రా క్లెయిమ్.

క్లెయిమ్ వస్తే ఎత్తుల కాగితం సరిచూడాలి. చూస్తుంటే నా తప్పు బయటపడింది. మొదటి చెక్ పడ్డప్పటికి తెల్లరాజు ఇంకా కదలనే లేదు. కదలని రాజుకు ఏనుగుతో కలిసి చోటు మారే హక్కు ఉంటుంది, దాన్ని క్యాస్లింగ్ అంటారు. ఒక్కసారి కదిలితే ఆ హక్కు పోతుంది. హక్కు ఉన్న స్థితీ పోయిన స్థితీ కంటికి ఒకటే, లెక్కకు వేరు. నేను మూడోసారి అన్నది నిజానికి రెండోసారే. రాజు పక్కగడిలో ఉన్న స్థితి మాత్రం సరిగ్గా మూడుసార్లు వచ్చింది. ఒక్క ఎత్తు ఆగి ప్రోగ్రాం దాన్ని అడిగింది. సుభద్ర నా మాట విని ఉంటే, నేను పెట్టిన రూలుతో నా చేత్తోనే ఆమె ఓటమి రాయాల్సి వచ్చేది.

డ్రా ప్రకటించే ముందు లెక్చరర్ దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. మీ మాటలు వినిపించాయి, నేనూ మూడోసారనే అనుకున్నాను అని అరవంలో చెప్పి ఆయన నవ్వాడు. సంతకం పెట్టి సుభద్రకు చెయ్యి కలిపాడు.

"క్యాస్లింగ్ సంగతి నీకు గ్యాపకం వచ్చినాదా?" అని ఆమెను అడిగాను.

"లేదు సార్. నాకూ మూడోసారనే తోచినాది. ప్రోగ్రాం తప్పుగా రాసినానే అనుకున్నాను. సరి, ఓడితే ఓడనీ, ఇంటికి పొయ్యి సరిచేద్దామని ఎత్తు వేసినాను."

ఓడిపోతున్నానని నమ్మి కూడా ఆ ఎత్తు వేసిన మనిషిని నా ఇరవై ఏళ్లలో నేను చూడలేదు.

మరుసటి ఏడాది తప్పు క్లెయిముకు ఆట పోయే రూలు తీసేశాను. క్లెయిమ్ ప్రోగ్రామే చెయ్యాలి, పక్కనున్న మనుషులు నోరెత్తకూడదు అని కొత్తగా రాశాను. ఆ మనుషులెవరో వరసగా రాయాల్సి వచ్చినప్పుడు, ఆపరేటర్ కంటే ముందు ఆర్బిటర్ అని రాశాను.