ఆడపిల్లల గది

మా స్కూల్లో ఆడపిల్లలు నీళ్లు తాగేవాళ్లు కాదు. తాగొద్దని ఎవరూ చెప్పలేదు. గేటు పక్కన కుళాయి ఉండేది. ఇంటర్వెల్లో మగపిల్లలు దాని మీద పడి, చొక్కాలు తడిసేలా తాగేవాళ్లు. మేం మాత్రం పొద్దున ఇంటి దగ్గర అరగ్లాసు తాగి బయల్దేరితే మళ్లీ సాయంత్రం ఇంటికి చేరాకే. విశాఖపట్నం ఉక్కపోతలో అలా ఎలా బతికామో తలుచుకుంటే ఇప్పుడు నాకే ఒళ్లు మండుతుంది.

తొంభైల మధ్యలో సంగతి ఇది. హార్బరుకి దగ్గర్లో ఉండే మున్సిపల్ హైస్కూలు మాది. ఆడపిల్లల కోసం వెనక వైపు ఎప్పుడో కట్టినది ఒకటుండేది. ఒక తుఫానుకి దాని తలుపు ఎగిరిపోయింది, ఆ తర్వాతి వానలకి గోడ కూలింది. మగపిల్లలకి ప్రహరీ గోడ ఉంది కాబట్టి వాళ్లకి లోటు తెలియలేదు. మాకు తెలిసినా చెప్పుకునే నోరు లేదు.

నా పక్కన కూర్చునే పిల్లది జాలారిపేట. వాళ్లమ్మ హార్బర్లో చేపలు కొనుక్కుని, బుట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో అమ్మేది. ఆ పిల్ల ప్రతి నెలా నాలుగు రోజులు బడికి వచ్చేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, మాకందరికీ తెలుసు. పదో తరగతికి వచ్చాక ఒకరోజు నాతో మెల్లిగా చెప్పింది.

"మాయమ్మ అంటంది, నెల నెలా ఇంట్లో కూకునే సదువెందుకే, మానీసి నాతో బుట్టట్టుకుని రా అని. సంక్రాంతి సెలవులదాకా సూత్తాదట. అప్పటికీ ఇలగే ఉంటే మరింక పంపదు."

దానికి చదువంటే ఇష్టం. లెక్కల్లో నాకన్నా ఎప్పుడూ ముందే ఉండేది. అందుకే సోషల్ మేడమ్ ఒక శనివారం క్లాసుకొచ్చి, మున్సిపాలిటీ వాళ్లు నిధులు లేవన్నారు, మనమే చందాలు ఎత్తుకుందాం అన్నప్పుడు, మా బెంచీలో నా కన్నా ముందు చెయ్యెత్తింది ఆ పిల్లే.

మేడమ్ మంచావిడ. కానీ ఆవిడ కూడా ఆ మాట అనలేదు. "ఆడపిల్లలకి ఒక సౌకర్యం" అంది. మగపిల్లలు మొహాలు చూసుకున్నారు. "అంటే... ఒక గది" అంది మేడమ్, చీర కొంగు సర్దుకుంటూ. బోర్డు మీద అలాగే రాసింది. ఇంటింటికీ వెళ్లి ఆడపిల్లల గది కోసం చందా అడగాలి అని.

నా పక్క పిల్ల లేచి నిలబడింది.

"గదేటి మేడమ్? దొడ్డి కదా!"

క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ మొహం ఎర్రబడింది. "సభ్యంగా మాట్లాడాలి. నలుగురి ఇళ్లకీ వెళ్లేవాళ్లం" అని దాన్ని కూర్చోబెట్టింది. నేను దాని పక్కనే ఉన్నానన్న పాపానికి సిగ్గుతో చచ్చిపోయి, కాస్త దూరం జరిగి కూర్చున్నాను.

చందాలకి జట్లు చేశారు, మా జట్టులో మాట్లాడే పని నాకిచ్చారు. వక్తృత్వ పోటీలో బహుమతిగా స్టీలు సబ్బుపెట్టె గెల్చుకున్న ఘనత నాది మరి. పాలపొడి డబ్బా మూతకి చీలిక చేసి, దాన్ని మోసే పని ఆ పిల్లకిచ్చారు. మా ఇంట్లో మా అమ్మ చూసి, "ఆ డబ్బా ఏటే, ముష్టికెల్తన్నట్టు?" అంది. మాది పద్మనాభం వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం. నాన్న పోర్టు దగ్గర ఒక ఆఫీసులో గుమస్తా. ఇంకొకరిని అడగడమంటే మా ఇంట్లో పరువు పోయినట్టే. గది కోసమని చెప్పాను. కన్నతల్లికి కూడా గదనే చెప్పాను చూడండి, ఇంక ఊళ్లోవాళ్ల సంగతి అడగాలా?

అసలు సంగతి తెలియని కింది తరగతుల మగపిల్లలు మాకన్నా హుషారుగా తిరిగారు. గదిలో క్యారమ్ బోర్డు పెడతారని వాళ్లలో వాళ్లే పుకారు పుట్టించుకున్నారు. ఇళ్లలో ఏ గదీ, ఎందుకూ అని అడిగేసరికి నేను సాగదీయడం మొదలుపెట్టాను. చదువుకోడానికని ఒక గుమ్మంలో, కుట్లు అల్లికలు నేర్చుకోడానికని ఇంకో గుమ్మంలో. నా నోటికి అడ్డేముంది? ఒక ముసలావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, తన కాలి కుట్టుమిషను రిక్షాలో వేసి స్కూలుకి పంపించేసింది. ఒక ఎలక్ట్రికల్ షాపాయన ఫ్యానిచ్చాడు. ఫోటోలకి ఫ్రేములు కట్టే ఆయన సరస్వతీదేవి పటమిచ్చాడు. హెడ్మాస్టారు గదిలో ఇవన్నీ ఒక మూల పేరుకుంటుంటే, వాటిని దాటుకుని వెళ్లలేక నేను తల వంచుకుని నడిచేదాన్ని.

"సరస్వతమ్మని అందులో ఎక్కడ ఎడతార్రా దేవుడా" అని నా పక్క పిల్ల పడీ పడీ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

చిల్లర డబ్బులతో గోడ లేవదు కదా. అప్పుడు హార్బర్లో బోట్లున్న ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లాం. ఆ పిల్లకి వరసకి మావయ్య. వాకిట్లో వలలు ఆరబోసి ఉన్నాయి. ఆయన మా ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి, గోళీసోడాలు తెప్పించాడు. మేం తాగలేదు. నేను అలవాటైన ఉపన్యాసం మొత్తం ఇచ్చాను.

 ఆయన గోడ మీద దండేసిన ఫోటో వైపు చూశాడు.

"మాయమ్మ పోయి ఏడాది తిరగనేదు. ఆయమ్మ పేరున ఏటైనా సేయాలని నాను అనుకుంటన్నాను. ఆడపిల్లలు కూకుని సదువుకునే గదంటే మరింకేటి గావాల? ఇటికలు, సిమెంటు, మేస్త్రీ, అంతా నాదే. మాయమ్మ పేరు రాతి మీద ఎక్కించి ఎట్టండి. సాలు."

ఆ పిల్ల మోచేత్తో నా డొక్కలో పొడిచింది. సెప్పీయ్ అని దానర్థం. ఆ పెద్దాయన కళ్లు తడిగా ఉన్నాయి. అక్కడ, ఆ ఫోటో ముందు, ఆ మాట నా నోటివెంట ఎలా వస్తుంది? "చాలా సంతోషమండి" అన్నాను.

ఇటుకలు వచ్చాయి. మేస్త్రీ వచ్చాడు. హెడ్మాస్టారు అతన్ని వెనక్కి తీసుకెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. పని మొదలైంది. ఆ పెద్దాయన బోట్ల పని మీద ఉండి అటు రాలేదు. సంక్రాంతి ఇంకా నెల ఉందనగానే కట్టడం పూర్తయింది. రెండు తలుపులు, సున్నం వేసిన గోడలు. నా పక్క పిల్ల వెళ్లి తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది.

రాయి తీసుకుని రేపు వస్తున్నానని ఆయన కబురు పంపాక హెడ్మాస్టారికి చెమటలు పట్టాయి. ఆయనకొచ్చిన ఉపాయం ఏమిటంటే, మా పదో తరగతి గదికే వెల్ల వేసి చూపించడం. మేమే తుడిచాం, మేమే ముగ్గులేశాం. ఫ్యాను బిగించారు, సరస్వతి పటం తగిలించారు, మూలన కాలిమిషను పెట్టారు. నిజంగా గదిలాగే ఉంది. గది గదంటూ ఇంటింటికీ తిరిగిన నాకే నమ్మబుద్ధయింది.

ఆయన భార్యతో, ఆటోలో లడ్డూల పెట్టెతో వచ్చాడు. గోనెసంచిలో చుట్టిన పాలరాయిని పసిబిడ్డని దింపినట్టు దింపాడు. దాని మీద "ఆడపిల్లల గది" అని, కింద వాళ్లమ్మ పేరు. నేను స్వాగతోపన్యాసం మొదలుపెట్టాను. ఆయన వింటూ, లేచి, గోడ దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"మాస్టారూ, ఇది పాత గోడ. నానంపిన ఇటికలు ఏటయ్యాయి?"

హెడ్మాస్టారు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ నా వైపు చూసింది. నేను సరస్వతీదేవి వైపు చూశాను. ఆవిడ కూడా ఏమీ చెప్పలేదు.

వెనక బెంచీల్లోంచి నా పక్క పిల్ల గొంతు వినిపించింది. "మావా, నీ ఇటికలు ఎనకాలున్నాయి. మాకు దొడ్డి కట్టారు. సెప్పడానికి సిగ్గుపడి గదన్నారు."

మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన బయటికి నడిచాడు. ఆయన వెనక స్కూలంతా నడిచింది. ఆ కొద్ది దూరం, మగపిల్లల మధ్య, మేమందరం దేనికోసం ఇంటింటికీ తిరిగామో అందరికీ తెలిసిపోతూ నడవడం కన్నా నేల చీలిపోతే బాగుండునని అనిపించింది. ఆయన తలుపు తీసి లోపలికి చూశాడు.

"నీళ్లేవి?"

మేడమ్ నేల చూపులు చూస్తూ చెప్పింది. కుళాయి లైను కోసం మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టారట. అందులోనూ గదనే రాశారట. గదికి నీళ్లెందుకని వాళ్లు పక్కన పడేశారట.

"అంటే ఈ పిల్లలు గేటు కాణ్ణించి బకెట్టు మోసుకుని, ఈ మగపిల్లలందరి ముందూ రావాలన్నమాట." ఆయన గొంతు పెంచలేదు. "నిజం సెప్తే నాను ఇవ్వననుకున్నారా? మాయమ్మ బతికినన్నాళ్లూ తెల్లారకముందే ఇసకలోకెల్లి, మళ్లీ సీకటి పడేదాకా బిగబట్టుకున్న మనిసి. నా కోపం దీనికి కాదు. ఆయమ్మ పేరు అట్టుకెల్లి అబద్ధం మీద ఎడదామనుకున్నారు సూడండి, దానికి."

రాయిని మళ్లీ గోనెసంచిలో చుట్టుకుని ఆటో ఎక్కాడు. లడ్డూల పెట్టె టేబుల్ మీద ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాటి నుంచి నా పక్క చోటు ఖాళీ. రెండ్రోజులు చూసి జాలారిపేట వెళ్లాను. అది గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. నన్ను చూసి తలెత్తలేదు. వాళ్లమ్మే మాట్లాడింది.

"సదివింది సాల్లే అమ్మా. అంతమంది మగోళ్ల ముందు ఆ మాటేటి? పేటంతా నవ్వుతన్నారు. నువ్వు సూడు, ఎంత సక్కగా గదన్నావో. నిన్నెవులైనా ఒక మాటన్నారా?"

నా జన్మలో నన్ను అంతగా ఎవరూ మెచ్చుకోలేదు. దాని కన్నా ఆవిడ ఆ ఎండు చేప ఒకటి తీసి నా మొహాన కొట్టినా బాగుండేది. అక్కణ్నుంచి వచ్చేశాను.

ఆయన వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఈసారి మేస్త్రీ, సిమెంటు తొట్టి, పైపులు వెంట ఉన్నాయి. అదే రాయి కూడా ఉంది. "గది" అన్న చోట అరగదీసి, ఆ గుంటలో కొత్త మాట చెక్కించాడు. ఆ మాట పెద్దది కావడంతో అక్షరాలు ఇరుక్కుని, చివరిది రాయి అంచుదాకా వెళ్లింది. ఎవరూ పిలవకుండానే దాన్ని ఆ కట్టడం గోడకి తనే దగ్గరుండి పెట్టించాడు. తర్వాత మా క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ పిల్లేదీ?"

 నేను లేచాను. "మాన్పించేశారండి."

"ఎందుకేటి?"

"ఆ... అలా అన్నందుకండి."

"ఎలగన్నందుకు?"

సబ్బుపెట్టె గెల్చుకున్న నోరు నాది. ఎంత ప్రయత్నించినా పెదవులు విడలేదు. కిటికీలోంచి కనిపిస్తున్న రాయి వైపు వేలు చూపించాను. ఆయన ఆ వేలి వైపు, నా వైపు చూశాడు. "మాయింటికొచ్చి గదని సెప్పిన పిల్లవి నువ్వే కదమ్మా" అన్నాడు. కోప్పడలేదు, జాలిపడ్డాడు. దానికే నాకు ఏడుపొచ్చింది.

ఆయన అట్నుంచి అటే జాలారిపేట వెళ్లాడట. అక్కడేమన్నాడో తర్వాత ఆ పిల్లే చెప్పింది. "ఆ మాట కింద మాయమ్మ పేరుంది. నీ కూతురికి సిగ్గయితే మాయమ్మకీ సిగ్గే. మరేటంటావ్?" అన్నాడట. వాళ్లమ్మ లేచి లోపల్నుంచి పుస్తకాల సంచి తెచ్చి కూతురి ఒళ్లో పెట్టిందట.

సోమవారం అది బడికొచ్చింది. పుస్తకాల సంచి నా చేతికిచ్చి, గేటు దగ్గర కుళాయి తిప్పి, మగపిల్లల్ని పక్కకి నెట్టి, దోసిలిపట్టి ఓణీ తడిసేలా నీళ్లు తాగింది. తాగుతూనే ఉంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లి, రాయి ముందు నిలబడి పెద్దగా చదివింది.

"ఆడపిల్లల మరుగుదొడ్డి."

గ్రౌండులో ఆడుకుంటున్నవాళ్లు తిరిగి చూశారు. అది వాళ్లకేసి చూడను కూడా లేదు.

"నువ్ సదువు" అంది నాతో.

నేను గొంతు సవరించుకుని ఆ పెద్దాయన వాళ్లమ్మగారి పేరు చదివాను.

"అది కాదే," అంది, "పై లైను."