పచ్చికకు రఫూ చేసిన సూదమ్మ

సూదమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. సూట్లు కుట్టే దుకాణంలో, వెనక గదిలో, ఇరవై రెండేళ్లు కిటికీ పక్కన కూర్చుని రఫూ పని చేసింది. నిప్పురవ్వ పడి చిల్లి పడ్డ కోట్లు, పురుగు కొట్టిన శాలువాలు, మేకుకి తగులుకుని చిరిగిన పాంట్లు ఆమె చేతికొచ్చేవి. తిరిగి ఇచ్చేటప్పుడు చిల్లి ఎక్కడుండేదో తెచ్చినవాళ్లే కళ్లజోడు పెట్టుకుని వెతుక్కునేవాళ్లు. అలా దుకాణంలో వచ్చిన ముద్దుపేరు వీధిలోకీ, వీధిలోంచి ఇంట్లోకీ వచ్చేసింది.

యజమానికి వయసు మీదపడి దుకాణం షట్టరు దించేసేనాటికి ఆమెకి యాభై ఒకటి. పని పోయింది గానీ చేతులు ఊరుకుంటాయా? కర్టెన్లయ్యాయి, దిండు గలీబులయ్యాయి, పక్కింటివాళ్ల గొడుగులయ్యాయి. భర్తకి సైకిళ్ల రిపేరు కొట్టు. ఆయన గ్రీజు గుడ్డలకి కూడా ఆవిడ అంచులు మడిచి కుట్టేసింది.

"ఇంకో నెల ఇలాగే సాగితే నన్ను కూడా ఎక్కడో ఒకచోట కుట్టేస్తావు" అన్నాడాయన.

సరిగ్గా ఆ రోజుల్లోనే సూదమ్మ చెల్లెలి మొగుడు వచ్చాడు. అతను గోల్ఫు మైదానంలో గడ్డి కోసే మిషను నడుపుతాడు. రోజంతా మిషను హోరులో ఎవరితోనూ మాట్లాడే వీలుండదు కాబట్టి, ఆ బాకీ అంతా సాయంత్రం మనుషుల మీద తీర్చుకుంటాడు.

"వదినా, మా దగ్గర గుంటలు పూడ్చే పని ఒకటి ఖాళీ అయింది. ఓపిక ఉండాలి, కళ్లు బాగుండాలి. నువ్వే గుర్తొచ్చావు."

"పార పట్టి గుంటలు పూడ్చడమా, ఈ వయసులో?"

"పార కాదు వదినా, ఫోర్కు."

"అన్నం తినేదా?"

"అంతకంటే చిన్నది. రెండే పళ్లుంటాయి" అని జేబులోంచి తీసి చూపించాడు. బొటనవేలంత ఉంది. సూదమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన సూదుల డబ్బాలో పెట్టుకుంది. అంటే ఒప్పుకున్నట్టే.

మొదటి రోజు పొద్దున్నే మరిది ఆమెని మైదానమంతా తిప్పి చూపించాడు. జెండా పాతి ఉన్న చిన్న రంధ్రం, దాని చుట్టూ తివాచీలా నున్నగా కత్తిరించిన పచ్చిక. దాన్ని గ్రీన్ అంటారట. అలాంటివి పద్దెనిమిది. ఎక్కడో దూరంనించి కొట్టిన బంతి ఆకాశంలోంచి వచ్చి దాని మీద ధబ్బుమని పడినప్పుడు చిన్న గుంట పడుతుంది. అప్పటికప్పుడు సరిచేస్తే సరే. వదిలేస్తే అక్కడ గడ్డి ఎండి గోధుమరంగు మచ్చ అవుతుంది. తర్వాత అటుగా దొర్లే ప్రతి బంతీ ఆ మచ్చ దగ్గర తూలి పక్కకి పోతుంది. ఎవరి గుంట వాళ్లు సరిచేసుకోవడం ఆటలో మర్యాద. ఆ మర్యాద పాటించేవాళ్లు తక్కువ కాబట్టే సూదమ్మకి ఉద్యోగం.

"ఇక నువ్వు పాటించాల్సినవి విను" అన్నాడు మరిది. "ఆడేవాళ్లు కర్ర ఎత్తారంటే నువ్వు బొమ్మవి. కదలకూడదు, మాట్లాడకూడదు. బంతికీ రంధ్రానికీ మధ్యనున్న దారి తొక్కకూడదు. నీ నీడ కూడా దాని మీద పడకూడదు."

"నీడని ఎక్కడ పెట్టుకోమంటావు, జేబులోనా?"

ఆ మాటకి ఇద్దరూ ఇంకా నవ్వుకుంటూండగానే నలుగురు పెద్దమనుషులు అక్కడికి వచ్చారు. ముందు నడుస్తున్నది రిటైరైన జడ్జిగారు. పొడుగ్గా, నిటారుగా, తెల్లమీసంతో, నడిచే స్తంభంలా ఉన్నాడాయన. బంతి రంధ్రానికి రెండడుగుల దూరంలో ఉంది. చిన్నపిల్లలు కూడా వేసేస్తారు. జడ్జిగారు కర్ర పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. సూదమ్మ కూడా బిగబట్టింది. అప్పుడే కోసిన గడ్డి నలుసు ఒకటి ఆమె ముక్కులోకి దూరింది. ముక్కు నొక్కుకుంది, పెదవి కొరుక్కుంది, కళ్లనిండా నీళ్లొచ్చాయి. చివరికి లారీ టైరు పేలినట్టు తుమ్మింది.

బంతి రంధ్రాన్ని పలకరించకుండా అవతలి ఒడ్డుకి పోయింది.

జడ్జిగారు మెల్లగా వెనక్కి తిరిగాడు. "ఆరోగ్యం జాగ్రత్తమ్మా" అన్నాడు. అన్నది మంచి మాటే గానీ, గొంతు మాత్రం శిక్ష చదివినట్టుంది. మరో దెబ్బకి బంతిని రంధ్రంలో వేసి, కర్ర చివర అతికించిన రబ్బరు గిన్నెతో వంగకుండానే దాన్ని పైకి లాక్కుని, మిగతా ముగ్గురితో వెళ్లిపోయాడు. ఆయన బంతి చేసిన గుంట అక్కడే ఉండిపోయింది. ఆయన వంగలేదని మిగతావాళ్లూ వంగలేదు. మొత్తం నాలుగు గుంటలు. సూదమ్మ మనసులోనే ఆయనకి పెద్ద మార్కు తీసేసింది.

పని నేర్పవలసినవాడు మేస్త్రి. ముప్పై ఏళ్లుగా ఆ పచ్చికల బాధ్యత ఆయనదే. మనిషి మంచివాడే గానీ, తనకి తెలియంది ఆ కంచె లోపల ఏదీ లేదని గట్టి నమ్మకం. ఫోర్కుని గుంట అడుగున గుచ్చి, మట్టిని కిందనించి పైకి లేపి, కాలితో అణిచి, "అంతే, అయిపోయింది" అనేవాడు. రోజుకి రెండొందల గుంటలు అలాగే అయిపోయేవి.

సూదమ్మ రెండు రోజులు ఆయన చెప్పినట్టే చేసింది. మూడోరోజు రఫూ కళ్లజోడు తెచ్చుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు గడ్డికి తగిలేంత దగ్గరగా చూసింది. ఫోర్కుతో కిందనించి లేపినప్పుడల్లా వెంట్రుకల్లాంటి తెల్లని వేళ్లు పుటుక్కున తెగిపోతున్నాయి. పైకి చూడ్డానికి చదునుగానే ఉంటుంది. మొన్న పూడ్చినవి వెళ్లి చూసింది. అన్నీ ఎండిపోయి కాఫీ మరకల్లా ఉన్నాయి.

మేస్త్రి దగ్గరికి వెళ్లి చెప్పింది. "కిందనించి లేపితే వేళ్లు తెగుతున్నాయండీ. గుంట పక్కన ఉన్న మంచి గడ్డిని చుట్టూరా మధ్యలోకి జరిపితే, ఆ అంచులే దగ్గరకొచ్చి కలుసుకుంటాయి కదా."

"గడ్డి బట్ట కాదమ్మా, పెరుగుతుంది" అన్నాడు మేస్త్రి.

"పెరుగుతుంది కాబట్టే బట్టకంటే తేలికండీ. బట్టకైతే మనం దారం వెయ్యాలి. దీని దారాలు దీనికే ఉన్నాయి. మనం తెంపకుండా ఉంటే చాలు."

మేస్త్రికి కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆయన తలమీది టోపీ తీసి దులుపుతాడు. ఆ రోజు టోపీ చాలాసేపు దులిపాడు. "సరే, ఏడో గ్రీన్ నీకిస్తున్నాను. నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. మిగతావి మా పద్ధతిలోనే. వచ్చేవారం చూద్దాం."

ఆ వారమంతా సూదమ్మ ఏడో గ్రీన్ మీద ఒక్కో గుంట దగ్గరా సూది పట్టినట్టు ఫోర్కు పట్టింది. అంచుకి కాస్త ఇవతల గుచ్చడం, పిడిని గుంట మధ్యకి వంచి గడ్డిని లోపలికి నెట్టడం, ఇంకాస్త జరిగి మళ్లీ గుచ్చడం. చుట్టూ తిరిగొచ్చాక అరచేతితో మెత్తగా తట్టి చదును చెయ్యడం. దూరంనించి చూసే మరిదికి వదిన పసిపాపని జోకొడుతున్నట్టే ఉండేది. మిషను ఆపి మరీ ఆ మాట అరిచి చెప్పి వెళ్లేవాడు.

వారం తర్వాత మేస్త్రి వచ్చాడు. ఏడో గ్రీన్ మీద నిలబడి చూశాడు. వంగి చూశాడు. తర్వాత టోపీ పక్కన పెట్టి, పొట్ట మీద బోర్లా పడుకుని చూశాడు. దూరంగా ఆడేవాళ్లు "ఎవరయ్యా అక్కడ, లేవండి!" అని కేకలేస్తున్నా లేవలేదు.

"నువ్వు పూడ్చినవి ఎక్కడున్నాయి?" అన్నాడు చివరికి.

"మీ మోచేతి కింద ఒకటుందండీ."

మేస్త్రి మోచెయ్యి తీసి చూశాడు. ఏమీ కనిపించలేదు. లేచి, బట్టలు దులుపుకుని, ఎనిమిదో గ్రీన్ వైపు చూశాడు. దానికి అమ్మవారు పోసినట్టుంది. "ముప్పై ఏళ్లు" అన్నాడు. మర్నాడు పొద్దున పనివాళ్లందర్నీ పిలిచి, "ఇకనించి ఈవిడ చెప్పినట్టు" అన్నాడు. టోపీ దులపలేదు.

గుంటలు మానుతున్నాయి సరే, పడేవి పడుతూనే ఉన్నాయి. ఎవరి గుంట వారు పూడ్చుకోవాలని క్లబ్బు కార్యదర్శి బోర్డు పెట్టించాడు. అందరూ దాని పక్కనే నిలబడి టీ తాగేవాళ్లు. "జడ్జిగారంతటివారే పట్టించుకోరు, మాదేముంది?" అనేవాళ్లు. సూదమ్మకి ఒళ్లు మండింది. ఈసారి కనిపిస్తే అడిగెయ్యాల్సిందేనని, ఏమనాలో కూడా మాట మాటా కూడబలుక్కుంది.

వాన వెలిసిన ఒక పొద్దున జడ్జిగారు దొరికాడు. పచ్చిక మెత్తబడి ఉంది. ఆయన బంతి గుప్పెడంత గుంట చేసింది. మిగతా ముగ్గురూ ఇంకా వెనకే ఉన్నారు. పొద చాటున కలుపు ఏరుతున్న సూదమ్మ, ఇదే అదను అని లేవబోయి ఆగింది.

జడ్జిగారు ఆ గుంటనే చూస్తున్నాడు. జేబులోంచి ఫోర్కు తీశాడు. సగం వంగాడు. చెయ్యి నడుం మీదికి పోయింది, మొహం ముడుచుకుపోయింది. కాసేపు అలాగే ఉండి మెల్లగా నిటారయ్యాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి ఫోర్కుని జేబులో పెట్టేసుకున్నాడు. కర్ర చివర రబ్బరు గిన్నె ఎందుకో సూదమ్మకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ అది దర్జా అనుకుంది. కూడబలుక్కున్న మాటలన్నీ గొంతులోనే మింగేసుకుంది.

సాయంత్రం భర్తకి చెప్పింది. "పాపం, వంగలేడండీ. చెప్పుకోడానికి నామోషీ."

ఆయన కొట్టులోకి వెళ్లాడు. పాత గొడుగు కాడ ఒకటి, సైకిలు చువ్వలు రెండు, హ్యాండిలు తొడుగొకటి తీశాడు. రెండు రోజులు కోశాడు, వంచాడు, అతికాడు. నిలబడి పూలకుండీల్లో గుచ్చి పరీక్ష చేస్తుంటే పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "ఏం పాతిపెడుతున్నారన్నయ్యా?" అని అడిగింది. "మా ఆవిడ ఉద్యోగాన్ని" అన్నాడాయన.

మర్నాడు సూదమ్మ జడ్జిగారు ఒంటరిగా ఉన్న సమయం చూసి వెళ్లింది. "అయ్యా, ఇది నిలబడి వాడే ఫోర్కండీ. కొత్త రకం. ఎవరైనా వాడి చూసి బాగోగులు చెబితే బావుంటుందని..."

జడ్జిగారు దాన్ని చేతిలోకి తీసుకుని, పొడవు చూసి, ఆమె మొహం చూశాడు.

"ఆ రోజు పొద వెనక ఉన్నది నువ్వేనా?"

అబద్ధమాడ్డానికి ఆమెకి నోరు రాలేదు. "నేనేనండీ. మా ఆయన నడుమూ అంతేనండీ. సైకిలు కింద దూరితే లేపడానికి నేను వెళ్లాలి."

జడ్జిగారి మీసం కదిలింది. అది నవ్వు అని తెలియడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. "మరి మొదటి రోజు తుమ్ము?"

"దానికి మాత్రం క్షమించాలండీ."

"కుదరదు. దాని మీద అప్పీలు లేదు" అన్నాడు. తర్వాత అక్కడే నిలబడి, ఆమె చెప్పినట్టు అంచునించి మధ్యకి నెడుతూ తన గుంట తనే పూడ్చాడు. కర్రతో తట్టి చదును చేశాడు. వెళ్తూ వెళ్తూ పక్కనున్న ఇంకో రెండు కూడా పూడ్చాడు.

అక్కణ్ణించి ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. తోటి ఆటగాడు, ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఒకాయన, గుంట వదిలేసి పోతుంటే, "ఏమయ్యా, నీ బంతి చేసింది అక్కడుంది, చూసుకో" అని ఆపాడు. ఆ లావుపాటాయన ఆపసోపాలు పడి మోకాళ్ల మీదికి దిగి ఫోర్కుతో కిందనించి లేపబోయాడు. "ఆగు ఆగు, వేళ్లు తెంపుతావా! పక్కనించి, లోపలికి!" అని జడ్జిగారు అరిచిన అరుపుకి రెండు గ్రీన్ల అవతలివాళ్లు కూడా కర్రలు దించేశారు. ఆటలో బంతికి అడ్డంగా తవ్వి ఉంచిన ఇసుక గుంటల్లో కాలి గుర్తులు చెరపకుండా పోయేవాళ్లని కూడా ఆయన వదల్లేదు. ఇసుక చదును చేసే పళ్ల కర్ర చేతికిచ్చి వెనక్కి పంపేవాడు. పెద్దవయసు సభ్యులు ఆ పొడుగు ఫోర్కు ఎక్కడ దొరుకుతుందని సైకిలు కొట్టుకి వరస కట్టారు. పంక్చర్లు వెయ్యడానికి తీరిక లేకుండా పోయిందని సూదమ్మ భర్త పైకి విసుక్కుని లోపల మురిసిపోయాడు.

ఒక ఆదివారం కార్యదర్శి సభ్యులందర్నీ గ్రీన్ దగ్గరికి పిలిచి, సూదమ్మని చేసి చూపించమన్నాడు. అంతమంది ముందు నోరు తెరవడం ఆమెకి అదే మొదటిసారి. అందుకని మాట్లాడ్డం మానేసి చేసింది. ముప్పైమంది ఖరీదైన పాంట్లతో తడి గడ్డి మీద మోకాళ్లేసి కూర్చుని, ఒకళ్లనొకళ్లు ఓరకంట చూసుకుంటూ, ఫోర్కులు గుచ్చారు.

"ఇదీ మా మైదానం పద్ధతి" అన్నాడు మేస్త్రి గర్వంగా. గొంతు సవరించుకుని, "ఈవిడే నేర్పింది" అన్నాడు. సూదమ్మ తల ఎత్తకుండా ఇంకో గుంట పూడ్చింది. ఆ సమయంలో తలెత్తితే కళ్లలో తడి కనిపించేస్తుంది మరి.

సోమవారాలు మైదానానికి సెలవు. ఆ రోజు పనివాళ్లు ఆడుకోవచ్చు. ఒక సోమవారం మరిది బలవంతం మీద సూదమ్మ కూడా కర్ర పట్టింది. మొదటి దెబ్బ గాలికి తగిలింది, రెండోది నేలకి. మూడోది బంతికి తగిలి కప్పలా నాలుగు గెంతులు వేయించింది. ఆ తర్వాత ఎన్ని కొట్టిందో లెక్కపెట్టడం మరిది మర్యాదకి మానేశాడు. చివరికి బంతి ఇసుక గుంటలో పడితే, అక్కణ్ణించి విసుగొచ్చి గట్టిగా ఒక్కటిచ్చింది చూడండి, బంతి రివ్వున లేచి, ఎండలో ఒక క్షణం మెరిసి, జెండాకి పది అడుగుల ఇవతల ధబ్బుమని పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇసుకలో తన కాలి గుర్తులన్నీ పళ్ల కర్రతో చెరిపేసి, సూదమ్మ పరుగు నడకన గ్రీన్ మీదికెళ్లింది. బంతి వైపు చూడనైనా లేదు. అది పడినచోటు వెతికి పట్టుకుంది. గుండ్రంగా, లోతుగా, మంచి గుంట.

"నేను పూడుస్తాలే వదినా, నువ్వు బంతి కొట్టు" అన్నాడు మరిది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అని మోకాళ్ల మీద కూర్చుంది. కావాల్సినదానికంటే ఎక్కువసేపే పట్టింది. మేస్త్రి, మరిది, మిగతా పనివాళ్లూ తమ నీడలు ఆమె దారిలో పడకుండా పక్కకి జరిగి నిలబడ్డారు. ఆ తర్వాత ఆమె లేచి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, బంతిని రంధ్రం వైపు నెట్టింది. అది మూడుసార్లు తప్పి నాలుగోసారి పడింది.