సెలవు పెట్టి పరుగెత్తిన పూట

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజులవి. నేను తిరుపతిలో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. పొద్దున్నే రాతబల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, దావా కాగితాలకు నకళ్లు రాస్తూ దీపాలు పెట్టేదాకా లేచేవాణ్ణి కాదు. చిత్తూరులో చదువుకునేటప్పుడు పరుగుపందెంలో నన్ను దాటినవాడు లేడు. ఆ కాళ్లు ఇవేనా అని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది.

కార్తీకంలో మూడు రోజులు వదలకుండా వాన పడింది. నాలుగో రోజు లేచి చూస్తే వానా లేదు, ఎండా లేదు. మబ్బు కొండ సగానికి దిగి ఉంది. చల్లటి గాలి వీస్తోంది. మా ఊళ్లో అలాంటి పొద్దులు ఏడాదికి నాలుగో ఐదో. మొహం కడుక్కుంటుండగానే అరికాళ్లు దురద పెట్టాయి. పరుగెత్తాలి. ఇవాళే పరుగెత్తాలి.

నేరుగా వకీలుగారి ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"ఈ ఒక్క పూట సెలవు కావాలండీ" అన్నాను.

"ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?"

"అందరూ బాగుండారండి."

"పెండ్లా?"

"కాదండి."

"మరెందుకు?"

అబద్ధం ఒకటి సిద్ధం చేసుకునే వెళ్లాను గానీ, ఆయన కోర్టులో సాక్షిని చూసినట్టు చూసేసరికి నిజమే చెప్పేశాను.

"పరిగెత్తాలని ఉండాదండి."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఎవరు తరుముతా ఉండారు నిన్ను?"

"ఎవరూ తరమలేదండి. చల్లగా బాగుండాదని."

"ఎందాకా పరిగెత్తుతావు?"

"చంద్రగిరి దోవన, పోయినంత దూరం."

"ఆడ ఏముండాది?"

"ఏమీ లేదండి. మళ్లా వెనక్కి వచ్చేస్తాను."

ఆయన తన ప్రాక్టీసు మొత్తంలో అలాంటి వాంగ్మూలం విని ఉండరు. కాసేపు కొండ వైపు చూసి, "సరే, పో" అన్నారు.

చెప్పులు ఇంట్లో వదిలేసి, ఊరు దాటేదాకా పెద్దమనిషిలాగే నడిచాను. చివరి ఇల్లు దాటాక అటూ ఇటూ చూసి, పంచె ఎగగట్టి మొదలుపెట్టాను. మొదట ఆయాసం ముంచుకొచ్చింది. తర్వాత ఊపిరి తనంతట తానే ఒక దారిలో పడింది. రోడ్డు పక్కన చింతచెట్లు ఇంకా నీళ్లు కారుస్తున్నాయి. తడిసిన ఎర్రమట్టి పాదాల కింద మెత్తగా ఉంది. చొక్కా గాలికి వీపు మీద ఉబ్బింది. ఒంటరిగా పకపకా నవ్వాను కూడా.

ఎదురుగా వస్తున్న బండి మనిషి ఎడ్లను ఆపాడు. "ఎవురన్నా పోయినారా సామీ?"

"లేదప్పా, ఊరికే" అన్నాను.

"పాపం, దుఃఖంలో ఏమేమో మాట్లాడతా ఉండాడు" అని ఆయన ఎడ్లతో అనడం నాకు వినిపించింది.

ఇంకో మైలు పోయాక మా కక్షిదారు ఒకాయన తగిలాడు. యాభై దాటిన రైతు. పొలం గట్టు గురించి దాయాదితో ఐదేళ్లుగా వ్యాజ్యం. వకీలుగారికి ఇవ్వడానికి చంకలో కోడిపుంజును పెట్టుకుని తిరుపతికి నడిచి వస్తున్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"సామీ! తీర్పు వచ్చేసిందా?"

"రాలేదు పెద్దాయనా!" అన్నాను ఆగకుండా.

ఆయన గిరుక్కున తిరిగి నా పక్కనే పరుగు అందుకున్నాడు. "మరి మా ఊరి దిక్కు ఎందుకు పరిగెత్తతా ఉండావు? ఓడిపోయినామా? నాకు చెప్పకుండా మా ఇంట్లో ఆడోళ్లకు చెప్పేదానికి పోతా ఉండావా?"

"ఊరికే పరిగెత్తతా ఉండానప్పా. సెలవు పెట్టినాను."

"పరిగెత్తేదానికి సెలవు పెట్టేటోడు యాడన్నా ఉండాడా? నన్ను ఎర్రోణ్ణి సెయ్యబాక సామీ!"

ఇంట్లోవాళ్లకు నాకంటే ముందు తనే చెప్పుకోవాలని కాబోలు, ఆయన వేగం పెంచాడు. ఏనాడూ రాతబల్ల ముందు కూర్చున్న మనిషి కాదు. చూస్తుండగానే నన్ను దాటేశాడు. నాకు పౌరుషం వచ్చింది. "ఆగప్పా, ఆగు!" అని అరుస్తూ వెంటపడ్డాను.

ముందు చంకలో కోడితో ఒకడు, వెనక అరుస్తూ చొక్కా తొడుక్కున్నవాడు ఒకడు. కాలువ గట్టు సరిచేస్తున్న నలుగురు మనుషులకు ఇంకేం అనుమానం ఉంటుంది? పారలు పడేసి రోడ్డెక్కి మా రైతును పట్టుకున్నారు. కోడి ఎగిరి వరిమడిలో పడింది.

"నా కోడిని నేను దొంగిలించేదేందిరా!" అని ఆయన గర్జించాడు.

"సామీ, ఆ కోడి నీదే గదా?" అని వాళ్లు నన్ను అడిగారు. నాకు మాట రావడం లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాను. రొప్పుతుంటే తల పైకీ కిందికీ ఊగుతోంది. వాళ్లు దాన్ని అవునని అర్థం చేసుకుని ఆయన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. చివరికి ఊపిరి చిక్కి, "కోడి ఆయనదే. మేము ఊరికే పరిగెత్తతా ఉండాము" అన్నాను.

వాళ్లు ఆయన్ను వదిలేశారు. తప్పు చేశామన్న సిగ్గుతో నలుగురూ కోడి కోసం మడిలోకి దూకారు. నేనూ దూకాను, రైతూ దూకాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్లూ కొంగులు బిగించి వచ్చారు. కోడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మేమంతా దాని వెనక. మా రైతు కాలు జారి బురదలో చతికిలబడి, లేవకుండా అక్కడే నవ్వడం మొదలుపెట్టాడు.

గట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మ కొంగులోంచి గుప్పెడు గింజలు తీసి చల్లింది. కోడి తనే నడుచుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లింది. దాన్ని ఒడిసి పట్టుకుని, "ఇంతమంది పరిగెత్తి ఏం సాదించినారబ్బా?" అందామె.

వాళ్లే మా కాళ్లు కడిగించి, రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టారు. రైతు ఒక ముద్ద మింగి నా వైపు తిరిగాడు.

"నిజంగా ఊరికేనే పరిగెత్తినావా సామీ?"

"నిజంగానే."

ఆయన ఇంకో ముద్ద ఊరిబిండిలో అద్దుకున్నాడు. "బాగానే ఉండాది. సంకలో కోడి లేకుంటే ఇంకా బాగుండు."

ఇద్దరం తిరుపతికి నడిచే వచ్చాం. మూడు రోజులు నాకు మోకాళ్లు వంగలేదు. రాతబల్ల ముందు కాళ్లు బారజాపి కూర్చుని నకళ్లు రాశాను. నాలుగో రోజు పొద్దున నొప్పి పూర్తిగా పోయింది. ఆ పరుగు కూడా దానితోనే పోయినట్టు కొంచెం దిగులనిపించింది.