అమ్మ చూసిన కుస్తీ

పోయిన ఆదివారం మా అమ్మాయి ఎక్కడో వెతికి, నా చిన్నప్పటి కుస్తీ షోను మా టీవీలో పెట్టింది. బొమ్మ వెలిసిపోయింది, ఎరుపంతా ఇటుకపొడి రంగుకు దిగింది. మా అమ్మ కుర్చీ వదిలి, అప్పటిలాగే టీవీకి ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులున్నాయి కదమ్మా అంటే వినిపించుకోలేదు. చూస్తుండగానే ఉన్న గది మెల్లగా మసకబారి, నా చుట్టూ యాకుత్‌పురాలోని మా పాత ఇంటి మధ్యాహ్నం పరుచుకుంది.

ఆ ఇంట్లో మధ్యాహ్నాలు తవుడు వాసన వేసేవి. వెనక కొట్టంలో బర్రెలు నెమరేసేవి. స్టేషన్లో రైలు కదిలినప్పుడల్లా కిటికీ రెక్క సన్నగా వణికేది. నేను అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని సగం నిద్రలో చూసేదాన్ని. కొండల్లాంటి మనుషులు మెరిసే చెడ్డీలు వేసుకుని పొగలోంచి నడిచివచ్చేవారు. వాళ్ళ ఇంగ్లీషు మాకు ఒక్క ముక్క అర్థం కాదు. అమ్మే కథ అల్లేది: వాడు వీడి పెళ్ళాన్ని ఏదో అన్నాడట, అందుకే ఈ లొల్లి. పక్కింటి ఖాలా ఒప్పుకునేది కాదు. "నై బెహెన్, ఇది జాగా పంచాయితే" అనేది. నేను ఇద్దరినీ నమ్మేదాన్ని.

మా బాపు పాల వ్యాపారి. అంతకుముందు పహిల్వాను. గల్లీ చివర, కుస్తీ నేర్పే తాలీంలో ఆయనకు పెద్ద పేరు. ఆ ఎర్రమట్టిలో ఆడమనిషి కాలు పెట్టకూడదు, గుమ్మంలోంచి తొంగి కూడా చూడకూడదు. అమ్మ బాదం నూరి పాలల్లో కలిపేది, మట్టి కొట్టుకున్న లంగోటాలు ఉతికేది, వాచిన చెవులకు కాపడం పెట్టేది. మొగుడు కుస్తీ పట్టగా మాత్రం ఒక్కనాడూ చూడలేదు. గెలిస్తే డప్పుల మోతను బట్టి తెలిసేది. చివరిసారి డప్పులు లేవు, నలుగురు మోసుకొచ్చారు. కుడి మోకాలు పోయింది. ఆయన మళ్ళీ తాలీం గడప తొక్కలేదు. ఆ మాట ఎత్తితే చాలు, లేచి కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. ఊరంతా చూసింది తాను చూడలేకపోయానే అన్న దిగులు అమ్మను వదల్లేదు.

షోలో అమ్మకు ఇష్టమైనవాడు వయసు మళ్ళిన ఒక మల్లుడు. ఒక ఆదివారం, ఓడితే ఆయన ఆట వదిలి వెళ్ళిపోవాలని పందెం. అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టి టీవీకి దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, గట్టి దిష్టే తగిలిందని తేల్చింది. ఖాలా ఇమాం జామీన్ తెచ్చింది. ఊరికి వెళ్ళేవాళ్ళు క్షేమంగా తిరిగిరావాలని జబ్బకు కట్టే నాణెం మూట అది. మల్లుడి జబ్బ అందదు కదా, టీవీ స్టాండు కాలికి కట్టింది.

బాపు గడపలో నిలబడి ఒకటే నవ్వు. "అది ఎప్పుడో అయిపోయిన ఆట. ఉత్త నాటకం. ఎవడు గెలువాల్నో ముందే అనుకుంటరు."

"అయితే ఏంది? నాటకమోళ్ళకు దిష్టి తగలదా?" అంది అమ్మ.

ఆట మొదలైన కాసేపటికే ముసలి మల్లుడు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"పిచ్చిదానా, వానికేం దెబ్బ తగల్లే," అన్నాడు బాపు.

"వానికోసం కాదు. నువ్వు పడ్డనాడు నేను చూడలే. నువ్వు నిలబడంగ గూడ చూడలే. ఎట్లుంటదో గీ టీవీల చూసుకుంటున్న."

నా నిద్ర ఎగిరిపోయింది. బాపు ఈసారి కొట్టంలోకి పోలేదు. చెప్పులు గడప అవతల విడిచాడు. లుంగీ ఎగ్గట్టి, వంగి మా గచ్చు నేలను తాకి, తాలీం మట్టికి మొక్కినట్టు వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. తొడ చరిస్తే గది మోగింది. ఖాలా దుపట్టా ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. కుంటి కాలు వణుకుతుండగానే నడుము వంచి, చేతులు చాచి నిలబడ్డాడు. మా బాపు అంత అందగాడని నాకు అప్పుడే తెలిసింది.

"ఎదురుంగ ఒకరుండాలె గద. రా," అన్నాడు అమ్మతో.

అమ్మ కొంగు బొడ్లో దోపుకుని లేచింది. ఆయన పహిల్వానుతో కలిపినట్టే ఆమెతో చేయి కలిపి, ఆ చేతిని తన మెడ మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ నుదుళ్ళు ఆనించి అట్లాగే ఉండిపోయారు. టీవీలో జనం అరుస్తూనే ఉన్నారు.

బాపు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా గదిలో ఆ ముసలి మల్లుడు మళ్ళీ కూలబడ్డాడు. మా అమ్మాయి ఆత్రం ఆపుకోలేక, "అమ్మమ్మా, చివరికి ఈయన గెలుస్తడా, ఓడుతడా?" అని అడిగింది.

అమ్మ తెర మీంచి చూపు తిప్పి దాని వంక చూసింది.

"ఏమో బిడ్డా. నేనప్పుడు టీవీ దిక్కు చూడలే."